శాలువా కప్పుకున్న మన్ను

ఒకానొక రాజ్యంలో మన్నుకి శాలువా కప్పి సన్మానం చేశారు. నవ్వకండి. ఆ మన్ను తెచ్చినవాడు రాజ్యంలోకెల్లా తెలివైనవాడు. కనీసం తానలా అనుకునేవాడు.

ఆయన పేరు కొండుభట్టు, వేణుగిరి ఆస్థానంలో విదూషకుడు. ఆయన్ని పోషించే రాజు రణభైరవ మహారాజు. పేరులో తప్ప రణం ఎరగని మనిషి. ఆయన నోట మాట జారితే అది శాసనం, తుమ్మితే మంగళవాద్యాలు మోగాలి.

వేణుగిరి కోట కట్టింది బండ మీద. పెరట్లో గడ్డపార దిగదు. మహారాణికేమో వంటింటి పక్కనే ఆకుకూరలు పండించాలని కోరిక. అందుకని రాతిపలకలు నిలబెట్టి నడుమెత్తు మళ్ళు కట్టించారు. వాటిని నింపడానికి బయటినుంచి మంచి మన్ను కొనాలి.

"నేను కొనుక్కొస్తాను ప్రభూ. నన్ను మోసం చేసేవాడు ఇంకా పుట్టలేదు" అన్నాడు కొండుభట్టు.

పుట్టాడు. పుట్టి, పెరిగి, ఊరి బయట మన్ను అమ్ముకుంటున్నాడు.

"మన్ను మంచీచెడ్డా తమంతటి పండితులకి నేను చెప్పాలా?" అన్నాడా వర్తకుడు చేతులు కట్టుకుని. ఆ ఒక్క మాటకే కొండుభట్టు ఉబ్బితబ్బిబ్బయ్యాడు. గుప్పెడు తీసి, వాసన చూసి, గంభీరంగా తల పంకించాడు. మన్ను కాటుకలా నల్లగా ఉంది. నల్లగా ఉంటే మంచిదని ఎవరో అనగా ఎప్పుడో విన్నాడు. ఆయన వ్యవసాయ జ్ఞానం అంతటితో సరి.

బళ్ళు కోటకి వచ్చాయి. కొండుభట్టు ఆ మన్ను మీద ఆశువుగా ఒక పద్యం చెప్పాడు. తానేం తక్కువ తిన్నానా అని రాజుగారు మడికి పట్టుశాలువా కప్పి, 'మృత్తికా శిరోమణి' అని బిరుదిచ్చేశారు.

ఇక్కడ ఆ కోట ఆచారం ఒకటి చెప్పాలి. రాజు శిరోమణి అన్నవారికి ఎవరూ వంక పెట్టకూడదు. పెడితే రాజుకే పెట్టినట్టు. పైగా ఆ శిరోమణికి బతికినంతకాలం వేళకి భోజనం పెట్టే పూచీ రాజుగారిది. కొండుభట్టు కూడా హాస్య శిరోమణే. ఆయన బొజ్జంతా ఆ ఆచారం చలవే.

తోట చూసేది పోలమ్మ. తోటకూర చల్లింది, మెంతులు చల్లింది. నీళ్ళు పోస్తే పైనే నిలిచేవి. ఆరితే మడి మాడిన రొట్టెలా బిగుసుకునేది. మొలిచిన నాలుగు మొక్కలూ పాలిపోయి వాలిపోయాయి.

రాజుగారికి ఒళ్ళు మండింది. "మన్ను శిరోమణి. కనుక తప్పు తోటమాలిది. ఈ నెలాఖరుకి నా విస్తట్లో ఆకుకూర పడకపోతే ఆమె కోట విడిచి పోవాలి!"

ఆ మాట విన్న కొండుభట్టు మళ్ళ దగ్గరికి పరుగెత్తాడు. జన్మలో మొదటిసారి మన్నులో వేళ్ళు పెట్టి కెలికాడు. పెంకు ముక్క గీరుకుంది. ఇంకాస్త కెలికితే బూడిద, ఇటుక పొడి, కొలిమి చిట్టెపు రాళ్ళు వచ్చాయి. కాటుక నలుపంతా పొయ్యి మసి. చెమట పట్టి మొహం తుడుచుకున్నాడు.

"అయ్యగారూ, మొహం తుడుచుకోకండి, మసి అంటుతుంది" అంది పోలమ్మ, ఆ పని అయిపోయాక.

"నీకు ముందే తెలుసా? మరి చెప్పలేదేం?"

"శాలువా కప్పిన దాన్ని ఏమనమంటారు? పోనీ కాస్త ఎరువైనా కలుపుదామని పేడ తట్ట తెస్తే, శిరోమణి మీద పేడ పోస్తావా అని భటులు కర్రలు ఎత్తారు. మా మామ మంచం మీద ఉన్నాడు. ఇద్దరు ఆడపిల్లలు. ఈ కోటలో గుడిసె పోతే ఎక్కడికి పోనయ్యా?" అని ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

కొండుభట్టుకి తల కొట్టేసినట్టయింది. మోసపోయింది తాను, పద్యం చెప్పింది తాను, గూడు పోయేది ఆమెకి. ఆ పూట విస్తట్లో నేతి గారెలు వడ్డిస్తే గొంతు దిగలేదు. గారెలు దిగకపోవడం ఆయన చరిత్రలో అదే మొదలు. వాటికేసి దిగులుగా చూస్తూ కూర్చున్నవాడల్లా ఉన్నట్టుండి లేచాడు. రెండు గారెలు నోట్లో వేసుకుని మరీ లేచాడు.

మసి మొహంతోనే సభలోకి వెళ్ళి చేతులు జోడించాడు.

"ప్రభూ, తమ ఆస్థానంలో ఒక శిరోమణి ఆకలితో మాడుతోంది!"

"నా శిరోమణులా? ఆకలా? ఎవరు?" రాజుగారు సింహాసనం మీద నిటారుగా కూర్చున్నారు.

"మృత్తికా శిరోమణి. బిరుదిచ్చిన నాటినుంచి ఒక్క పూట భోజనం పంపలేదు. పరాయి రాజులకి తెలిస్తే ఏమనుకుంటారు?"

సభ గుసగుసలాడింది. రాజుగారి మీసం వణికింది. "మన్ను ఏం తింటుంది?"

"మాగిన పేడ, కుళ్ళిన ఆకు, వేపపిండి. కడుపునిండా కావాలి. రాళ్ళూ పెంకులూ గొంతుకి అడ్డం పడ్డాయి, అవి ముందు ఏరించాలి."

"పేడా! శిరోమణికి పేడా!"

"నాకు గారెలు ఇష్టం. దానికి పేడ ఇష్టం. ఎవరి నోరు వారిది ప్రభూ."

రాజుగారు కళ్ళు చిన్నవి చేశారు. "భట్టూ, నా మన్ను చెడ్డదంటున్నావా?"

కొండుభట్టు రెండు చెవులూ పట్టుకున్నాడు.

"ఎంతమాట! నేనీ కొలువులో చేరిన కొత్తలో నా తలలో ఏం పండేది? పెంకులూ, బూడిదా. తమరు శిరోమణి అన్నారు, ఎవరూ వంక పెట్టలేదు. పూటపూటా పెట్టించారు. ఏదో నాలుగు మాటలు మొలిచాయి. నాలుగు రోజులు నన్ను పస్తుంచి పద్యం అడగండి, ఇటుక రాలుతుంది. నాకు జరిగిన మర్యాదే దానికీ జరగాలంటున్నాను, అంతే."

ఆచారం తనది. కాదంటే మాట తప్పినట్టవుతుంది. "సరే, పెట్టండి!" అన్నారు రాజుగారు.

"తిన్నది అరిగేదాకా దాన్ని పని చెయ్యమనకూడదు ప్రభూ. నన్నెప్పుడైనా భోజనం కాగానే పద్యం అడిగారా? అందాకా వడ్డనకి పోలమ్మ ఉండాలి. దాని ఆకలి తెలిసింది ఆమెకే."

"ఉండనీ. కానీ తట్టలు మోసేది నువ్వు. ఒక శిరోమణికి సేవ చెయ్యడానికి ఇంకో శిరోమణికి నామోషీ ఏముంది?"

ఆ తర్వాత కొండుభట్టు రోజూ పేడతట్ట నెత్తిన పెట్టుకుని వెళ్ళడం కోటంతా చూసింది. ఎదురైనవాళ్ళు ముక్కు మూసుకుంటే, "శిరోమణిగారికి ఫలహారం" అనేవాడు. పోలమ్మ పెంకులు ఏరింది, కలియబెట్టింది, నానబెట్టింది. చలి ముదిరేసరికి మళ్ళు తోటకూరతో కళకళలాడాయి.

ఆ రోజు రాజుగారు కొండుభట్టుని పక్కన కూర్చోబెట్టుకుని తోటకూర పులుసు కలుపుకున్నారు. రెండు ముద్దలు తిని మెల్లిగా అడిగారు. "ఇప్పుడు చెప్పు భట్టూ. ఆ మన్ను చెడ్డదే కదూ?"

"మన్నుదేముంది ప్రభూ, దాన్ని కొన్నవాడు వెర్రివాడు."

"మరి సన్మానం చేసినవాడు?"

కొండుభట్టు విస్తరికేసి చూశాడు, రాజుగారికేసి చూశాడు. "నా భోజనం ఇంకా పూర్తి కాలేదు ప్రభూ. ఆ సంగతి తర్వాత చెబుతాను."

రాజుగారికి పొలమారింది. పొట్ట పట్టుకుని కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వారు. చేతి కడియం తీసి కొండుభట్టుకి తొడిగారు. పోలమ్మకి, ఆమె బిడ్డలకి కోటలో ఇల్లు శాశ్వతం చేశారు.

కొండుభట్టు మాత్రం ఆ రోజు మూడుసార్లు మారు వడ్డించుకున్నాడు. ఎంతకీ భోజనం పూర్తి చెయ్యలేదు.