ఎత్తయిన గుమ్మం

ఒక రాజ్యంలో ఆకాశాన్ని కాపలా కాసే సేనాని ఉండేవాడు. ఆయన ఇంటి గుమ్మం ఏనుగు పట్టేంత ఎత్తు. అయినా రోజూ పొద్దున ఒకసారి, దీపాల వేళ ఒకసారి ఆయన చప్పున తల దించుకునేవాడు. గుమ్మంలో ఉన్నా అంతే, అన్నం ముందు కూర్చున్నా అంతే.

పెళ్ళయిన కొత్తలో ఇల్లాలు అడిగింది. "గుమ్మం అంత ఎత్తుంటే తల ఎందుకండీ దించుతారు?"

"నీకు దండం పెడుతున్నాలే," అని నవ్వాడు. నవ్వాడే గాని, చేతిలో ముద్ద కంచంలోనే వదిలేశాడు.

అసలు సంగతి ఏళ్ళ తర్వాత, ఆయన జ్వరంలో పలవరిస్తుంటే ఆమెకు తెలిసింది. ఆ రాజ్యానికి ఆకాశంలో దీపాలుండేవి. వాటిని చూసే పడవలవాళ్ళు దారి పట్టేవారు, రైతులు వాన కబురు తెలుసుకునేవారు. పొరుగు రాజులు జడుసుకోవాలని, రాజుగారి మాట మీద, వయసులో ఉండగా సేనాని ఒక పాత దీపాన్ని రాయితో కొట్టాడు. గురి తప్పలేదు. దీపం పగిలింది గాని పెంకులు కింద పడలేదు. బాణాలకన్నా వడిగా పైనే తిరుగుతూ ఉండిపోయాయి.

ఆ గురికి ఆయన భుజాన మొదటి నక్షత్రం వేశారు. ఆ పెంకులు తగలకుండా మిగతా దీపాలను పక్కకు జరిపినప్పుడల్లా ఇంకొకటి వేశారు. ఆయన సేనాని అయింది అలాగే. అన్నిటిలోకీ పెద్ద పెంకు ఇంటి మీదుగా పోయే వేళ ఆయన ఒంటికే తెలిసిపోయి, తల దానంతటదే దిగేది. సంగతి తెలిశాక, ఆ తల మళ్ళీ లేచేదాకా ఇల్లాలు దేవుడి ముందు ఊపిరి బిగబట్టి నిలబడేది.

రాజుగారికి అరవయ్యో ఏడు వచ్చింది. ఆ పండగకి ఇంకో పాత దీపాన్ని పగలగొట్టమన్నాడు. ఇంకొకటి పగిలితే తక్కినవి తప్పుకోవడానికి చోటుండదని, ఒకదాని పెంకులు ఒకదానికి తగిలి అన్నీ ఆరిపోతాయని సేనాని సభలో విన్నవించుకున్నాడు.

"ముసలితనం నీకు భయం నేర్పింది," అన్నాడు రాజు.

"ముసలితనం కాదు ప్రభూ. నేను విసిరిన రాయి నేర్పింది."

మర్నాడు మధ్యాహ్నం ఆయన ఉత్త భుజాలతో ఇంటికొచ్చాడు. ఆమె కాళ్ళకు నీళ్ళిచ్చింది. "నేను విసరలేదు," అన్నాడాయనే. ఆమె దేవుడి గూటికేసి చేతులు జోడించింది.

అంతలో వీధిలో డప్పులు మోగాయి. ఆయన విసరనన్న రాయిని విసిరిన ఉపసేనాని, మెడలో దండలతో, భుజాన కొత్త నక్షత్రంతో ఎదురుగా ఉన్న తన ఇంటికి ఊరేగి వస్తున్నాడు.

దీపాల వేళకు సేనాని ఎప్పటిలాగే తల దించి ఎత్తాడు. ఆమె ఊపిరి వదిలి వత్తి వెలిగించబోయింది. ఆయన మళ్ళీ తల దించాడు.

ఆమె గబగబా వాకిట్లోకి వచ్చింది. ఎదురింటి గుమ్మంలో ఉపసేనాని కూడా తల దించే ఉన్నాడు. పక్కనే అతని భార్య నవ్వుతోంది.

"చూశారా వదినగారూ, గుమ్మం అంత ఎత్తుంటే ఈయన తల ఎందుకు దించుతున్నారో!"

బదులు చెప్పబోతూ ఆమె పైకి చూసింది. పడవలవాళ్ళకు దారి చూపే దీపం ఉండాల్సిన చోట ఏమీ లేదు.

ఆమె కొంగు తల మీదికి లాక్కుని, తనూ తల దించుకుంది.