మంచె దిగని చెంచయ్య

అనగా అనగా, మన తాతల తాతలకు ఇంకా మీసాలు మొలవని కాలంలో, వాగు ఒడ్డున ఒక మెట్ట ఊరు ఉండేది. ఆ ఊళ్ళో చెంచయ్య అని ఒక రైతు ఉండేవాడు. రైతంటే మోతుబరి అనుకునేరు. వాగు వార ఒక చెక్క జొన్నచేను, చేలో ఒక మంచె, ఇంట్లో పేరమ్మ అనే భార్య, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు, వాళ్ళ పిల్లలు. అంతే ఆయన సంపద. పిచ్చులు మాత్రం నూరు ఉండేవి.

నూరని నేను లెక్కపెట్టలేదు. ఊరంతా అనేది, నేనూ అంటున్నాను. చెక్కభజన పిచ్చి, పొట్టేళ్ళ పిచ్చి, పులుసు కాచే పిచ్చి, గుమ్మడిపాదుల పిచ్చి, పావురాల పిచ్చి. చెక్కలు పట్టి, గజ్జెలు కట్టి భజనలో గంతు వేశాడంటే, మోకాళ్ళ నొప్పులని అరుగు దిగని ముసలమ్మలు కూడా ఆ మోకాళ్ళ మీదే తాళం వేసేవాళ్ళు. గుమ్మడి వేస్తే ఒక్కో కాయను ఇద్దరు మోసుకురావాలి. పులుసు పొయ్యిమీద పెడితే వీధిలో కొట్లాడుకునేవాళ్ళు కొట్లాట ఆపి వాసన చూసేవాళ్ళు.

"ఒక్క పిచ్చి ఉన్నోడి ఇల్లే గడవదంటారు. నూరున్నోడితో ఎట్టా వేగుతున్నావే పేరమ్మా?" అని అమ్మలక్కలు అడిగేవాళ్ళు.

"నూట ఒకటోది నేను గదంటే" అనేది పేరమ్మ.

అన్నిట్లోకీ పెద్దది పిట్టలు తోలే పిచ్చి. జొన్న పాలుపోసుకుందంటే చాలు, ఎర్ర తలపాగా చుట్టి, వడిసెల చేతబట్టి మంచె ఎక్కేవాడు. తాడు గిర్రున తిప్పి రాయి వదిలితే, అది కాకి తోకకు బెత్తెడు పక్కగా పోయేది. ఒక్క పిట్టనూ కొట్టి ఎరగడు. కానీ ఆ బెత్తెడే చాలు కాకులకు. పిల్లకాకులు మారాం చేస్తే తల్లికాకులు "ఎర్ర తలపాగా వస్తాడు, నోరు ముయ్యి" అని బెదిరించేవట. నేను వినలేదు, విన్నవాళ్ళు చెప్పారు.

మంచె ఎక్కాడంటే ఇక దిగడు. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి పేరమ్మ సంకటి ముద్ద, పచ్చిమిరప కారం గంపలో పెట్టుకుని వచ్చి, గట్టుమీద నుంచి కేకేసేది.

"దిగిరాయ్యా, సంకటి చల్లారిపోతా ఉంది."

"వచ్చె, వచ్చె" అనేవాడు. వచ్చేవాడు కాదు.

"దిగిరాయ్యా, సంకటి చల్లారిపోతా ఉంది."

"ఈ గుంపును తోలేసి వస్తన్నా" అనేవాడు. వచ్చేవాడు కాదు.

మూడోసారి పేరమ్మ కేకేసేది కాదు. మంచె కిందికి వచ్చి, నిచ్చెన మీద చెయ్యి వేసి, మెల్లగా అనేది. "దిగిరాయ్యా, సంకటి చల్లారిపోతా ఉంది." అప్పుడు దిగేవాడు. పెళ్ళయిన నాటినుంచీ ఇదే తంతు. మొదటి పిలుపుకే దిగితే ఒంట్లో బాగాలేదేమోనని ఆమె కంగారు పడేది.

ఒక్క సంగతికి మాత్రం పిలవకుండానే దిగేవాడు. చేను పక్క డొంకలో పసిబిడ్డ ఏడుపు వినబడితే చాలు, ఎవరి బిడ్డ, ఏ ఇంటి బిడ్డ అని చూసేవాడు కాదు. వడిసెల అక్కడే పారేసి, గబగబా దిగొచ్చి, తన సంకట్లో సగం ఆ బిడ్డ చేతిలో పెట్టేవాడు. "బిడ్డ ఆకలికి ఏడుస్తుంటే నాకు ముద్ద దిగదే" అనేవాడు. పేరమ్మకు ఆయన నూరు పిచ్చుల్లోనూ ఇదంటేనే ఎక్కువ ఇష్టం. పైకి మాత్రం "రేపు నీ మంచె కింద బడి పెట్టు" అని దెప్పేది.

ముసలితనం వచ్చాక ఇంకో పిచ్చి పట్టుకుంది. గడ్డితో బెదురుబొమ్మలు కట్టడం. అందరూ కట్టే కుండతల బొమ్మలు కావవి. ఒక ఏడు ఊరి మునసబు పోలికలో కట్టాడు. అదే బొజ్జ, అదే చేతికర్ర. కొత్తగా వచ్చిన తలారి ఆ దోవన పోతూ చెప్పులు విడిచి, దానికి దణ్ణం పెట్టి మరీ పోయాడు. మునసబు ముందు కోప్పడ్డాడు, తరవాత తానే చూడవచ్చి, బొజ్జ కొంచెం తగ్గించమని బతిమాలుకున్నాడు.

ఇట్లా ఉండగా, ఒక ఏడు సరిగ్గా జొన్న పాలుపోసుకునే వేళకు చెంచయ్య మంచం పట్టాడు. లేవలేడు, కూర్చోలేడు. చూపు మాత్రం చేనువైపే. "గడ్డి తెండిరా" అన్నాడు కొడుకులతో. పడుకునే చెప్పి కట్టించాడు. తన ఒడ్డూ పొడుగూ, తన వంగిన నడుమూ, తన మాసిన చొక్కా. తలకు తన ఎర్ర తలపాగా. ఎత్తిన చేతిలో తన వడిసెల. కొడుకులు దాన్ని తీసుకెళ్ళి మంచె మీద నిలబెట్టారు.

"ఇంక నేను చేలో ఉన్నట్టే" అని, అటు తిరిగి పడుకున్నాడు. జొన్న గింజ గట్టిపడకముందే కన్నుమూశాడు.

ఇల్లంతా ఏడ్చింది, ఊరంతా ఏడ్చింది. పేరమ్మ ఏడవలేదు. తెల్లారగానే పెరట్లోకి పోయి, గోడమీదుగా చేనువైపు చూసేది. మంచె మీద ఎర్ర తలపాగా కనబడేది.

"ఉన్నావా?" అనేది. గాలికి తలపాగా చెంగు ఊగేది.

"సరే, ఉండు" అని లోపలికి వచ్చేది. ఆ కాస్త మాటతోనే ఆమెకు రోజు గడిచిపోయేది.

పెద్దదినం వచ్చింది. పిట్టకు పెట్టే రోజు. పోయినవాళ్ళకు ఇష్టమైనవన్నీ వండి వాగు ఒడ్డున ఆకులో పెడతారు. పిట్ట అంటే కాకే. కాకి వచ్చి ముడితే పోయిన మనిషి తృప్తిగా దాటిపోయినట్టు. ముట్టకపోతే కోరిక ఏదో తీరక, అటూ ఇటూ కాకుండా ఇక్కడే తిరుగుతున్నట్టు. పిట్ట ముట్టేదాకా ఇంట్లో ఎవరూ మెతుకు ముట్టకూడదు.

మోదుగాకు విస్తరిలో జొన్న సంకటి పెట్టారు, పులుసు పోశారు, గుమ్మడికాయ కూర పెట్టారు. అందరూ దూరంగా జరిగి నిలబడ్డారు.

కాకి రాలేదు.

కాకులు లేక కాదు. వాగు అవతల తుమ్మచెట్ల మీద బారులు తీరి కూర్చున్నాయి. ఒక్కటీ ఇవతలకు రాదు.

"ముసలాయనకు తీరని కోరిక ఏదో ఉందబ్బాయ్. మాటివ్వండి" అన్నాడు కులపెద్ద.

పెద్దకొడుకు మాలకొండయ్య ముందుకు వచ్చాడు. "నాకు తెలుసు. ఆయన పానమంతా భజన మీదే. నాయనా, నీ చెక్కలు నేను పడతా. భజన ఆగనియ్యను." మాలకొండయ్యకు తాళం వేస్తే కాలు రాదు, కాలు వేస్తే తాళం రాదు. అయినా చేతులు జోడించి మాటిచ్చాడు.

కాకి రాలేదు.

రెండోకొడుకు తిరపతయ్య వచ్చాడు. "భజన కాదు, ఆయన మనసు ఇంట్లో సాకిన పొట్టేలు మీద ఉంది. నాయనా, దాన్ని నేను అమ్మను. కన్నబిడ్డలాగా సాకుతా." ఆ పొట్టేలుకు సంతలో అప్పటికే బేరం కుదిర్చి పెట్టుకున్నాడు తిరపతయ్య. మాటయితే ఇచ్చేశాడు.

కాకి రాలేదు.

కూతురు అంకమ్మ పాలు మాన్పిన పిల్లను చంకనేసుకుని వచ్చింది. "మీ ఇద్దరికీ ఏం తెలుసురా. పులుసు కాచి పదిమందికి పోస్తే గానీ ఆయనకు పండగ కాదు. నాయనా, ఏటికి ఒకసారి నీ చేతి పులుసు కాచి వీధంతటికీ పోస్తా." ఉప్పెక్కువో పులుపెక్కువో కాకుండా అంకమ్మ ఏనాడూ పులుసు కాచి ఎరగదు. వీధివాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

అయినా కాకి రాలేదు. పొద్దు వాలిపోతోంది. "పొద్దు గుంకేలోగా ముట్టకపోతే మంచిది కాదు" అని చుట్టాలు గుసగుసలు మొదలుపెట్టారు.

పేరమ్మ ఒక్కతే కాకుల వంక చూస్తోంది. వాటి ముక్కులు విస్తరివైపు లేవు. అన్నీ ఒకే పక్కకు తిరిగి ఉన్నాయి. అవి చూస్తున్న వైపే ఆమె కూడా చూసింది. వాగు ఇవతల జొన్నచేలో, మంచె మీద ఎర్ర తలపాగా. ఎత్తిన చేతిలో వడిసెల.

కాకులకు చెంచయ్య ఇంకా పోలేదు.

ఆమెకు సంగతంతా తెలిసిపోయింది. తెలిసీ నోరు విప్పలేదు. చెబితే దించేస్తారు. దించేస్తే రేపు తెల్లారి గోడమీదుగా ఏం చూడాలి? ఉన్నావా అని ఎవరిని అడగాలి? కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, తల వంచుకుని కూర్చుంది. ఆయన దాటలేకపోతున్నాడని తెలుసు. ఇంటిల్లిపాదీ పస్తు ఉందనీ తెలుసు. ఈ ఒక్క పూట నన్ను ఏమీ అడగకండి అనుకుంది.

అప్పుడు అంకమ్మ చంకలోని పిల్ల ఏడుపు లంకించుకుంది. ఆకలి ఏడుపు. అంకమ్మ జోకొట్టింది, ఎత్తుకుని అటూ ఇటూ తిరిగింది. పిల్ల ఆపలేదు. ఆ ఏడుపు చేను దాటి పోయింది.

పేరమ్మ అలవాటుకొద్దీ తలెత్తి మంచెవైపు చూసింది. ఇప్పుడు దిగుతాడు అనుకుంది. వడిసెల పారేసి, గబగబా వస్తాడు అనుకుంది.

మంచె మీద మనిషి కదల్లేదు.

పిల్ల ఇంకా ఏడుస్తోంది. మంచె మీద మనిషి కదల్లేదు. పేరమ్మ చాలాసేపు అలాగే చూసింది. బిడ్డ ఏడుస్తుంటే అట్టా నిలబడేవాడు కాదు తన మొగుడు. అక్కడున్నది గడ్డి. ఇన్నాళ్ళూ తాను గడ్డితో మాట్లాడింది.

లేచి నిలబడింది. విస్తరి పక్కనున్న సంకటి గంప తీసి నెత్తిన పెట్టుకుని చేనువైపు నడిచింది.

"ఇయ్యాళ నువ్వు చేలోకి పోగూడదు పేరమ్మా" అన్నాడు కులపెద్ద.

"మా ఆయన్ని అన్నానికి పిలవబోతున్నాను. ఇన్నేళ్ళు పిలిచింది నేనేగా" అంది. ఆయన దారి ఇచ్చాడు.

గట్టు మీద నిలబడి కేకేసింది. "దిగిరాయ్యా, సంకటి చల్లారిపోతా ఉంది." జొన్న ఆకులు గలగలమన్నాయి. వచ్చె వచ్చె అన్నవాళ్ళెవరూ లేరు.

చేను మధ్యదాకా వెళ్ళి కేకేసింది. "దిగిరాయ్యా, సంకటి చల్లారిపోతా ఉంది." వెనకాల నిలబడ్డ కొడుకులు తలలు తిప్పుకున్నారు.

మూడోసారి కేకెయ్యలేదు. మంచె కిందికి వచ్చి, నిచ్చెన మీద చెయ్యి వేసి, మెల్లగా అంది. "దిగిరాయ్యా, సంకటి చల్లారిపోతా ఉంది."

గంప దించి, తానే నిచ్చెన ఎక్కింది. వడిసెల తీసి నడుముకు చెక్కుకుంది. తలపాగా చుట్టు చుట్టుగా విప్పి భుజాన వేసుకుంది. బొమ్మను రెండు చేతులా ఎత్తుకుంది. బరువే లేదు. ఆఖరి రోజుల్లో ఆయన ఒళ్ళూ ఇంతే ఉండేది. అంతవరకూ రాని ఏడుపు అప్పుడు వచ్చింది. మంచె మీదే కూర్చుని, బొమ్మను ఒళ్ళో వేసుకుని, ఊరికి వినబడేలా ఏడ్చింది. ఎవరూ ఆపలేదు.

ఆమె బొమ్మను పట్టుకుని నిచ్చెన దిగి కాలు నేలమీద పెట్టిందో లేదో, తుమ్మచెట్ల మీది నుంచి ఒక కాకి లేచింది. వాగు దాటి వచ్చి విస్తరి ముందు వాలింది. వెనకాలే ఇంకోటి, ఇంకోటి. సంకటి తిన్నాయి, పులుసులో ముక్కు ముంచాయి, గుమ్మడికాయ కూర తిన్నాయి. ఒకటి తిని ఒకటి వదలడం లేదు. నూరు పిచ్చులవాడి విస్తరి కదా.

అంకమ్మ మొదటి ముద్ద పిల్ల నోట్లో పెట్టింది. ఇంటిల్లిపాదీ అక్కడే, వాగు ఒడ్డునే కూర్చుని తిన్నారు. పేరమ్మ కూడా తింది.

కాకి వచ్చింది బొమ్మ దిగినందుకే గానీ, ఇచ్చిన మాటలకు కాదు. మాలకొండయ్య, తిరపతయ్య, అంకమ్మ ముగ్గురికీ అది తెలుసు. అయినా వాగు ఒడ్డున అందరి ముందూ ఇచ్చిన మాట వెనక్కి ఎట్లా తీసుకుంటారు? మాలకొండయ్య భజనలో దూకాడు. మొదటి ఏడు జనం నవ్వారు, రెండో ఏడు నవ్వు తగ్గింది, మూడో ఏడు ముసలమ్మలు మోకాళ్ళ మీద తాళం వేశారు. తిరపతయ్య పొట్టేలు ముసలిదై చచ్చేదాకా అతని దుప్పట్లోనే పడుకుంది. అంకమ్మ పులుసుకు మొదట్లో వీధివాళ్ళు మొహమాటానికి వచ్చారు, తరవాత గిన్నెలు పట్టుకుని వచ్చారు. ఎర్ర తలపాగా చింపి పేరమ్మ పసిపిల్లలకు పొత్తిగుడ్డలు చేసింది. కోత రోజున మంచె పక్కన ఒక్క వరస జొన్న కొయ్యనివ్వలేదు. "కాకులు పాపం ఇన్నేళ్ళు భయపడ్డాయి, అది వాటికి" అంది.

ఇప్పటికీ ఆ ఊళ్ళో కోతలప్పుడు చేనుకు ఒక వరస వదిలేస్తారు. దాన్ని చెంచయ్య వరస అంటారు. అన్నానికి పిలిస్తే పలకని పిల్లలను "చెంచయ్య తాత మనవడివిరా నువ్వు" అని తిడతారు. ఇక ఎవరింట్లో మనిషి పోయినా, పెద్దదినం నాడు పిట్ట రావడం ఆలస్యమైతే, తీరని కోరికలేమిటని ఎవరూ అడగరు. ఆ ఇంటి పెద్దామె లేచి, చేనువైపు తిరిగి, దిగిరాయ్యా, దిగిరావమ్మా అని మూడుసార్లు పిలుస్తుంది. రెండుసార్లు గట్టిగా. మూడోసారి మెల్లగా, పక్కన ఉన్న మనిషితో అన్నట్టు. అంతవరకూ ఏడవనివాళ్ళు ఆ మూడో పిలుపుకు ఏడుస్తారు. ఏడ్చాక అందరూ కూర్చుని తింటారు.

ఇదీ చెంచయ్య కథ. కథ మంచె దిగింది. మనమూ లేద్దాం పదండి, సంకటి చల్లారిపోతా ఉంది.