చేత్తో నింపిన తూటా

కాత్యాయని తూటాలు చెదిరిపోతున్నాయి. వానాకాలమంతా టార్గెట్ కాగితం మీద అరచేతి కింద దాగేంత దగ్గరగా పడినవి, ఎండలు ముదిరేసరికి తలా ఒక దిక్కు పట్టాయి. రాష్ట్ర షూటింగ్ జట్టు ఎంపిక రేపే.

ఆమె తూటాలు కొనదు. రైఫిల్ క్లబ్బు లైసెన్సు మీద, క్లబ్బు గదిలోనే, తానే తుపాకిమందు తూచి, తానే గుండు కూర్చి నింపుకుంటుంది. కంపెనీ తూటా ముట్టనని అందరి ముందూ చెప్పింది. అందులో తప్పేమీ లేదు. ఒళ్ళు వంచి నేర్చుకున్న పని అది. దాన్ని చూసుకుని తలెత్తుకోవడం తప్పైతే ఇక ఎవరూ ఏమీ నేర్చుకోనక్కర్లేదు.

చెదిరినప్పుడల్లా ఆమె తూటానే అనుమానించింది. మందు మార్చింది. గుండును కాస్త లోపలికి దించింది. మునుపు గురి తప్పని పాత కొలతతో నింపి ఉంచుకున్న తూటాలను కూడా ఊడదీసి కొత్తగా నింపింది. అయినా చెదిరాయి.

చివరికి ఉస్తాద్ జమీల్ దగ్గరికి వెళ్ళింది. ఆమెకు రైఫిల్ పట్టడం నేర్పింది ఆయనే. ముసలాయన క్లబ్బు వరండాలో శిష్యుల మధ్య కూర్చుని చాయ్ తాగుతున్నాడు. ఆమె మందు గురించీ గుండు గురించీ చాలాసేపు చెప్పింది. ఆయన టార్గెట్ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, కప్పు కింద పెట్టాడు.

"స్క్రూ లూజు బేటీ," అన్నాడు.

అందరూ గొల్లుమన్నారు. జట్టులో ఆమె చోటు మీద కన్నేసిన సుభాషిణి, ఆ సంగతి మాకు ఎప్పుడో తెలుసు ఉస్తాద్ అంటూ చాయ్ ఒలకబోసుకుంది.

కాత్యాయని ముఖం జేవురించింది. గదిలోకి పోయి తలుపేసుకుంది. మళ్ళీ నింపింది. మళ్ళీ కాల్చింది. ఇంకా అధ్వానం.

ఈసారి రైఫిల్‌తో సహా వచ్చి ఆయన ముందు నిలబడింది.

"తప్పు చేస్తే తిట్టండి ఉస్తాద్. పడతాను. అంతమందిలో నన్ను పిచ్చిదంటారా?"

ఉస్తాద్‌కు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక కూడా నవ్వలేదు. రైఫిల్ అందుకుని, లోపల ఖాళీయేనని చూసుకుని, ఆమె వేలు పట్టుకుని బ్యారెల్‌కూ కింది చెక్కకూ మధ్య ఆనించాడు. రెండో చేత్తో చెక్కను నొక్కి వదిలాడు.

వేలి కింద వెంట్రుకవాసి కదలిక. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ కదిలింది.

రైఫిల్‌ను చెక్కకు పట్టి ఉంచే స్క్రూ వదులైంది. వానల్లో చెక్క ఉబ్బి ఉన్నప్పుడు ఆమే బిగించింది. ఎండకు చెక్క ఆరి కుంచించుకుపోయింది. స్క్రూ వంక మళ్ళీ ఆమె చూడలేదు.

"మీరన్నది దీన్నా?"

"తూటా నీదే. కాదన్నదెవరు?" అన్నాడు ఉస్తాద్. "మరి బందూకు ఎవరిది?"

ఆమె స్క్రూడ్రైవర్ తెచ్చి తానే బిగించింది. ఊడదీయకుండా పెట్టె అడుగున మిగిలిపోయిన పాత తూటాలు కొన్ని ఉంటే వాటిని కాల్చింది. అన్నీ అరచేతి కింద దాగాయి.

"చూశారా? నా తూటాల్లో ఏ లోపమూ లేదు." గొంతులో ఏడుపూ ఉంది, పొగరూ ఉంది.

"లేదు. ఇంకెన్ని ఉన్నాయి?"

ఒక్కటీ లేదు. మంచివన్నీ తన చేత్తోనే ఊడదీసింది. రాత్రంతా కూర్చుని నింపేస్తానంటూ ఆమె గది వైపు పరుగులాంటి నడక నడిచింది. తొందరలో గడప తట్టుకుంది. ఉస్తాద్ ఆమెను దాటుకుని వెళ్ళి, మందు బీరువాకు తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు. తర్వాత క్లబ్బు వాళ్ళ కంపెనీ తూటాల పెట్టె తెచ్చి ఆమె ముందు బల్ల మీద పెట్టి, హడావుడిలో మందు తూచకూడదని చెప్పి వెళ్ళిపోయాడు.

ఆమె ఆ పెట్టెను చాలాసేపు ముట్టలేదు. పొద్దు వాలుతుండగా దాన్ని చంకన పెట్టుకుని, ఆ తూటాలకు రైఫిల్ గురి సరిచూసుకోవడానికి మైదానంలోకి నడిచింది.

మర్నాడు పోటీలో సుభాషిణి చాప ఆమె చాప పక్కనే. కాత్యాయని పెట్టె విప్పుతుంటే మెడ సాచి చూసింది.

"ఏంటమ్మా, కంపెనీ తూటాలా?"

"కంపెనీవే," అంది కాత్యాయని, వరసంతా వినేలా. చాప మీద బోర్లా పడుకుని రైఫిల్ భుజానికి ఆనించుకుంది.

వెనక నిలబడ్డవాళ్ళు దుర్భిణులు టార్గెట్ల వైపు తిప్పారు. ఉస్తాద్ మాత్రం ఆమెనే చూస్తున్నాడు.

"నా శిష్యురాలు," అన్నాడు పక్కనున్న మనిషితో.

అప్పటికింకా ఒక్క తూటా కూడా పేలలేదు.