చప్పుడు లేని ఆటో

కూర్మయ్యగారిని ఏమడిగినా తిన్నగా జవాబు రాదు. వీధిలో జరిగిన సంగతేదో ఎత్తుకుంటారు. అది తెలిసీ అడిగాడు నూకరాజు.

"మా ఇంటిదానికి జబ్బు ముదిరిపోయింది గురువుగారూ. ఇక లాభం లేదనేశారు డాక్టర్లు. దాని మొహం చూస్తే నాకు ఏడుపు ఆగదు. నేనేడిస్తే అది బెంబేలెత్తిపోతుంది. అందుకే పొద్దస్తమానం ఇక్కడ మీ దగ్గరే పడి ఉంటున్నాను. ఈ ఏడుపు పైకి వినపడకుండా అణచుకునే మార్గం చెప్పండి."

గురువుగారు గౌరీసు సంగతి మొదలుపెట్టారు.

గాజువాకలో ఆటోలకి సైలెన్సర్లు కట్టేవాడు గౌరీసు. పైకి డబ్బాలా కనిపిస్తుంది గానీ, సైలెన్సరు లోపల ఒళ్ళంతా చిల్లులున్న గొట్టం ఉంటుంది. ఇంజను మోత ఆ చిల్లుల్లోంచి డబ్బాలోకి పోయి అక్కడే అణగిపోతుంది. ఊరందరి ఆటోలకీ అంత బాగా కట్టేవాడా, తన ఆటో మాత్రం సందు మొదట్లో ఉండగానే ఇంట్లో గిన్నెలు అదిరేవి! భార్య పైడమ్మ మంచాన పడ్డాక గాని అతనికా మోత చెవికెక్కలేదు. పాపం, దాని కునుకు చెడగొడుతున్నానే అని కుమిలిపోయాడు.

గొట్టం ఊడదీసి మరిన్ని చిల్లులు పొడిచాడు. మోత తగ్గింది, ఈల మొదలైంది. గొట్టంలో గాలి జోరుగా పోతూ చిల్లుల అంచులకి ఒరుసుకుంటే కూత పుడుతుంది మరి. ఓరి దీని దుంపతెగ అనుకుని ఇంకొన్ని పొడిచాడు. ఈల ఇంకా హెచ్చింది. "ఆటో తోల్తున్నావా, రైలు తోల్తున్నావా?" అని వీధిలో వాళ్ళు ఆటపట్టించారు. పంతం పట్టి పగలల్లా షెడ్డులోనే కూర్చున్నాడు. పైడమ్మ దగ్గర ఆమె చెల్లెలే ఉండేది. చివరికి కొత్త గొట్టం వేసి, ప్రతి చిల్లు అంచునీ నున్నగా ఆకురాయి పట్టాడు. మోతా పోయింది, ఈలా పోయింది.

ఆ సాయంత్రం గుమ్మం దాకా వచ్చినా చీమ చిటుక్కుమన్నట్టయినా లేదు. మురిసిపోయాడు పిచ్చివాడు! తలుపు చప్పుడుకి లేస్తుందేమోనని లోపలికి వెళ్ళకుండా ఆటోలోనే కూర్చున్నాడు. కాసేపటికి మరదలు ఘొల్లుమంటూ బయటికొచ్చి, అతన్ని చూసి కొయ్యబారిపోయింది.

"ఇక్కడే ఉన్నావా బావా? ఆటో మోత వినపడలేదేటే, మీ బావ ఇంకా రాలేదా అని వీధివైపు చెవి ఒగ్గి, ప్రాణం పోయేదాకా అడుగుతూనే ఉంది అక్క. రాలేదక్కా అని నేనే చెప్పాను."

కూర్మయ్యగారు అక్కడితో ముగించారు. నూకరాజు కండువా నోట్లో కుక్కుకున్నాడు. అయినా గొంతులోంచి సన్నగా కూత తన్నుకొచ్చింది. అతను లేచి చెప్పులు తొడుక్కుని, గుమ్మం దగ్గర వెనక్కి తిరిగాడు.

"దాని ముందు ఏడుపొచ్చేస్తే ఏం చెయ్యను గురువుగారూ?"

"రానీ నాయనా. నువ్వొచ్చావని తెలుస్తుంది."