నాలుగు కాళ్ళూ ఊరికే చూస్తానన్న నక్క

రాళ్ళచెరువు నుంచి సంతకు పోయే మట్టిబాటకు తారు పోసిన రోజే గుంటనక్క గోవిందప్ప పంట పండింది. మట్టిలో అయితే ఎద్దులు ఉత్త కాళ్ళతో నడిచేవి. తారు మీద గిట్టలు అరిగిపోతాయి, నాడాలు కావాలి. రోడ్డు పక్క సర్కారు తుమ్మచెట్ల సందున పాక వేసి, కోతి తిమ్మన్నను పనికి పెట్టుకుని, గోవిందప్ప ఊళ్ళో ఎద్దులన్నిటికీ నాడాలు కొట్టించాడు. కూలి కింద ఎద్దు తన మేతలోని ఉలవలు తెచ్చి పోయాలి. నక్కకు ఉలవలెందుకని అడక్కండి. ఉలవలు చల్లితే కోళ్ళొస్తాయి. కోళ్ళొచ్చాక నక్కకు ఇంకేం లోటు!

చిక్కల్లా ఏమిటంటే, నాడాలు గట్టివి. ఒకసారి కొడితే చాలాకాలం ఊడవు. గిరాకీ లేక పాక ముందు ఈగలు తోలుకుంటూ గోవిందప్ప నిట్టూర్చాడు.

"తిమ్మా, మంచి నాడా కొట్టడమంత తెలివితక్కువ పని ఇంకోటి లేదురా."

"అయితే ఇకమీద చెడ్డవి కొడదామా సామీ?"

"ఛీ, పేరు పోతాది. మంచివే కొడదాం. కొట్టినవి చెడిపోయినాయని చెబుదాం."

"నమ్మొద్దా ఎద్దులు?"

"ఊరకే చెబితే నమ్మరు. పరీక్ష చేసి చెబితే నమ్ముతారు. ఆ పరీక్ష కూడా ఉచితమంటే, వాళ్ళే వచ్చి నమ్ముతారు."

ఆ సీమలో సోమవారం ఎద్దు మెడ మీద కాడి పెట్టరు. వారమంతా ఒళ్ళు హూనం చేసుకున్న ఎద్దుకు అదొక్కటే తీరిక రోజు. గోవిందప్ప ఆ రోజునే పట్టాడు. తిమ్మన్న చెట్టు చెట్టూ ఎక్కి కేకలేశాడు. "సోమవారం సోమవారం గిట్టల పరీక్ష! నాలుగు కాళ్ళూ ఊరికే చూస్తాం! నీళ్ళు ఇస్తాం, గానుగాడిన చెనిక్కాయ చెక్క పెడతాం! రండి నాయనా, రండి!" ఊరికే ఇస్తే ఫినాయిలైనా తాగే లోకం ఇది. ఎద్దులు మాత్రం ఏం తక్కువ తిన్నాయి?

రైతు ఓబులేసుకు ఒక జత ఎద్దులున్నాయి, మైలగాడు, పుల్లడు. కోడెలుగా ఉన్నప్పటి నుంచి ఒకే కాడి కింద పెరిగినవి. ఒకటి అలిసిపోతే రెండోది చెప్పకుండానే బరువు తన వైపు లాక్కునేది. అన్నదమ్ముల్లో కూడా అంత పొత్తు ఉండదు. ఆ మైలగాడికి ముందు కుడికాలు నొప్పి పట్టింది. మొన్న చెనిక్కాయ మూటలు లాగుతూ రెండడుగులు కుంటితే ఓబులేసు చూడనే చూశాడు.

"మైలగాడు మెత్తబడినాడు. ఎరువాక లోపల సరిగా నడిస్తే సరి, లేదంటే సంతకు తోలేస్తా" అని పెళ్ళాంతో అంటుంటే మైలగాడి చెవిన పడింది. సంతకు పోయిన ఎద్దు మళ్ళీ ఆ కొట్టంలోకి రాదు. ఆ మాట విన్నప్పటి నుంచి వాడికి మేత సయించలేదు.

"ముల్లేదో దిగుంటాదిరా, భయపడాకు. వానొచ్చి బురదలో నానితే అదే ఊడిపోతాది" అన్నాడు పుల్లడు.

"ముల్లు కాకపోతే? లోపల ఇంకేమన్నా అయ్యుంటే? పోయి చూపించుకుంటే పోయేదేముంది పుల్లా, ఊరికే చూస్తారంట కదా."

అనుమానం పెనుభూతం. సోమవారం పొద్దున్నే మైలగాడు బయలుదేరాడు. దారిలో గేదె కాటమ్మ కుంటలో మెడలోతు మునిగి నెమరేస్తోంది.

"యాడికి రా, మొగం కడుక్కుని పోతాండావు?"

"గోవిందప్ప దగ్గరికి, అక్కా. కాలు చూపించుకుందామని."

"పో, నేనూ పోయొచ్చినా పోయిన సోమవారం. చెక్క తిన్నా, నీళ్ళు తాగినా. ఎనక కాలి గిట్ట పగిలిందని చెప్పినాడు. పచ్చి అబద్ధమేం కాదు, పగిలిన మాట నిజమే. సరే నాయనా, చూసినందుకు సంతోషం అని వచ్చి ఈ బురదలో నిలబడినా. మానిపోయింది."

"మరి నాడాలు కొడతానన్లేదా?"

"అనకుండా ఉంటాడా! పడుకో, లోపల చూస్తా అన్నాడు. నా యబ్బ దిగొచ్చినా పడుకోనన్నా." కాటమ్మ తోకతో నీళ్ళు చిమ్మింది. "చూడు మైలా, నీకు మొహమాటం జాస్తి. నిలబడి చూపించుకో, చెప్పింది విను, ఇంటికి రా. అంతే. పండుకున్నావో, చెడినావే!"

"అట్లేలే అక్కా" అన్నాడు మైలగాడు. మంచి మాటలకు తలూపడంలో ఎద్దును మించింది లేదు.

పాక దగ్గర గోవిందప్ప ఎదురొచ్చి మరీ పలకరించాడు. "రాప్పా మైలన్నా, రా! ఎండన పడి వచ్చినావు. తిమ్మా, అన్నకు చల్లటి నీళ్ళు పెట్టు. చెక్క పెద్దది ఎయ్‌రా, అదేం పిసినారితనం!" మైలగాడి జన్మలో ఎవరూ వాణ్ణి అన్నా అని పిలిచి నీళ్ళు పెట్టిన పాపాన పోలేదు. చెక్క నములుతూనే సగం కరిగిపోయాడు.

తిమ్మన్న మూడు ముంతలు తెచ్చి పెట్టాడు. ఒకదాంట్లో ఆకు పసరు, ఒకదాంట్లో పసుపు, ఒకదాంట్లో ఎర్రమన్ను.

"పసరు పూస్తే ఆ కాలికి భయం లేదు. పసుపు పూస్తే కనిపెట్టుకుని ఉండాల. ఎర్రమన్ను పూసినామంటే..." గోవిందప్ప కళ్ళు మూసుకుని తల అడ్డంగా ఊపాడు. "ఆ కాలితో అడుగు తీసి అడుగు పెట్టకూడదు నాయనా."

ముందు కుడికాలు ఎత్తి చూశాడు. గిట్టల సందున సర్కారు తుమ్మ ముల్లు విరిగి ఉంది, మొన కనబడుతూనే ఉంది. పళ్ళతో పట్టి లాగితే వచ్చేస్తుంది. గోవిందప్ప చూశాడు, తిమ్మన్న కూడా చూశాడు.

"ముల్లు సామీ, తీసేద్దునా?" అని చెవిలో గొణిగాడు తిమ్మన్న.

"తీస్తే ఏమొస్తాది రా?"

"ముల్లొస్తాది."

"అదేం చేసుకుంటావు? పసరు పూయి."

కుడికాలికి పసరు పూశారు. మిగిలిన మూడింటికీ ఎర్రమన్ను పూశారు. మైలగాడు కుడికాలు ఎత్తి చూపించాడు.

"సామీ, నొప్పి ఆ పసరు పూసిన కాలే కదా!"

"పిచ్చి నాయనా! నొప్పి ఒకచోట ఉంటాది, మూలం ఇంకోచోట ఉంటాది. ఆ మూడు కాళ్ళూ చచ్చినాయి కాబట్టి బరువంతా దీని మీద పడతాంది. మంచికాలు కాబట్టి మోస్తాంది, మోస్తాంది కాబట్టి నొస్తాంది. ఇంట్లో పని చేసేవాడికే కదా నడుం నొప్పి!"

ఎంత బాగా చెప్పాడో చూడండి! వాడి నోట్లో మన్నుపడ, ఆ తెలివి ఇంకో పనికి వాడుంటే ఊరు బాగుపడేది. మైలగాడికి ఆ మాట తన బతుకంతా చెప్పినట్టే తోచింది.

"నాడా కింద చూస్తే గానీ గట్టిగా చెప్పలేను. పడుకోప్పా" అన్నాడు గోవిందప్ప.

మైలగాడికి కాటమ్మ మాట తలపుకొచ్చింది. కాళ్ళు కదపకుండా నిలబడ్డాడు.

"వద్దంటే వద్దులే" అన్నాడు గోవిందప్ప నొచ్చుకున్నట్టు. "మాదేముంది, ఊరికే చేస్తాండాం. నీళ్ళు తాగినావు, చెక్క తిన్నావు, మాకదే సంతోషం. పోయిరా. ఎరువాకలో కాలు మడతపడి కూలబడితే మాత్రం ఆ పొద్దు గోవిందప్ప చెప్పినాడే అనుకో."

ఆ చెక్క మైలగాడి గొంతులో అడ్డం పడ్డట్టయింది. తిన్నాడు కదా మరి! తిని, కాదని ఎట్లా పోతాడు? మొహమాటానికి పోతే కడుపొచ్చిందని పెద్దలు ఊరికే అనలేదు. మైలగాడు ముందుకాళ్ళు మడిచి పక్కకు ఒరిగాడు.

నాడా కొట్టేటప్పుడు ఎద్దును పడేసి నాలుగు కాళ్ళూ కలిపి కట్టేస్తారు. తిమ్మన్న తాడు బిగించాడు. మైలగాడు ఊపిరి తీసుకునే లోపల పట్టకారు పట్టి మూడు కాళ్ళ నాడాలూ ఊడబెరికాడు. మేకులు వస్తూ వస్తూ గిట్ట పెచ్చుల్ని కూడా తెచ్చాయి.

"చూసినావా, ఎట్లా పెచ్చులూడుతాందో!" అన్నాడు గోవిందప్ప. ఊడబెరికింది వాడే, ఊడిందని చూపించిందీ వాడే!

"సామీ, కట్లు విప్పండి. మా పుల్లన్ననడిగి వచ్చే సోమవారం వస్తా."

"ఓ, నీ ఇష్టం! ఈ ఉత్త కాళ్ళతో తారు మీద పోతావా? ఇంటికి చేరేసరికి నాలుగు కాళ్ళా కుంటుతావు. ఓబులేసు చూసి ఊరుకుంటాడా?"

"పోనీ ఆ పాతవే మళ్ళీ కొట్టండి."

"ఊడిన మేకు అదే బెజ్జంలో నిలుస్తాదా నాయనా? కొత్త నాడాలు పడాల్సిందే. పరీక్ష ఊరికే, నాడాలకు మాత్రం ఉలవలు పోయాల. పంట వచ్చేదాకా నీ వంతు ఉలవలు తెచ్చి పోస్తే చాలు. నీ కోసం నేనే తగ్గి చెబుతాండా."

నేల మీద పడి, నాలుగు కాళ్ళూ కట్టించుకుని బేరమాడేది ఎట్లా? మైలగాడు కళ్ళు మూసుకుని సరేనన్నాడు. నిలబడి ఉన్నప్పుడు కాదనలేనివాడు పడిపోయాక ఏం కాదంటాడు!

కొత్త నాడాలు తళతళలాడాయి. ముల్లు మాత్రం ఉన్నచోటే ఉంది. రోజూ ఉలవలు నక్క పాకకు పోతుంటే మైలగాడి డొక్కలు తేలాయి. పుల్లడు తన వంతు ముందుకు నెట్టి "తినరా" అనేవాడు. "నువ్వూ చిక్కితే బండెవరు లాగుతారు?" అని మైలగాడు మొహం తిప్పుకునేవాడు. ముల్లు చుట్టూ చీము పట్టింది. కుంటు ఎక్కువైంది. మరో సోమవారం వాడు ఈడ్చుకుంటూ పాకకు పోయాడు.

"సామీ, నువ్వు పసరు పూసిన కాలే చచ్చిపోతాంది."

"ఆ పొద్దు బాగుండె కదా! పరీక్షలో పసరొచ్చింది, నువ్వూ చూసినావు. ఆ తర్వాత యాడ తొక్కినావో, ఏం తొక్కినావో నాకేం తెలుసు?" అన్నాడు గోవిందప్ప. "నేను నాడాలు కొట్టిన మూడు కాళ్ళకూ గ్యారంటీ ఉంది. వాటిల్లో ఏదన్నా నొస్తే చెప్పు. ఈ కాలు కావాలంటే మళ్ళీ పరీక్ష చేస్తా. ఊరికేలే, పడుకో."

మైలగాడు తిరిగి వచ్చేశాడు. తిట్టడం కూడా చేతకాలేదు వాడికి. సంగతి విని కాటమ్మ కుంటలోంచి లేచి నక్క పాక వైపు తిరిగి బండబూతులు తిట్టింది. ఎద్దు పుండు కాకికి ముద్దు, ఎవరు తిట్టి ఏం లాభం!

తొలకరి పడింది. ఓబులేసు మైలగాణ్ణి నాలుగు వైపులా తిరిగి చూశాడు. డొక్కలు చూశాడు, నడక చూశాడు, నాడాలు చూశాడు.

"నాడాలు కొత్తవే. నేను లేనప్పుడు మా బామ్మర్ది కొట్టించినట్టున్నాడు. గిట్టలో లోపం లేదు, అయినా కుంటుతాన్నాడంటే ఎముకే పోయుంటాది" అన్నాడు. కొత్త నాడాలే ఆ ముల్లును దాచిపెట్టాయి. లేకుంటే కాలెత్తి చూసేవాడేమో పాపం.

పక్కింటి ఎద్దును బదులు తెచ్చి పుల్లడి జతన కట్టి, మైలగాణ్ణి బండి వెనక తాడేసి కట్టాడు. బండి సంతదారి పట్టింది.

"పుల్లా, మెల్లగా పోరా, నడవలేకుండా ఉన్నా" అన్నాడు మైలగాడు.

"మెల్లగా పోతే ముల్లుగర్రతో పొడుస్తాన్నాడ్రా." అన్నాడు పుల్లడు. "నిన్ను సంతకు లాక్కపోయే బండి నా మెడ మీదే పెట్టినాడు చూడు ముండాకొడుకు!"

సంతలో బేరగాడు సుంకన్న మైలగాడి చుట్టూ తిరిగి, వంగి, కుడికాలి సందు చూశాడు. ముల్లు మొన వాడికీ కనబడింది. పెదవి విరిచి, కుంటి ఎద్దని కొసరి కొసరి బేరం తగ్గించి కొన్నాడు. ఓబులేసు పగ్గం చేతికిచ్చి, మైలగాడి వీపు ఒకసారి నిమిరి, బండి తోలుకుని వెళ్ళిపోయాడు. పుల్లడు మెడ తిప్పి చూడబోతే కాడి తిప్పనివ్వలేదు.

బండి కనుమరుగయ్యాక సుంకన్న గట్టు మీద కూర్చుని, కాలు ఒళ్ళో పెట్టుకుని, ముల్లు లాగేసి, చీము పిండేసి, పసుపు అద్దాడు. ఇప్పుడు ఆ కాలు తనది కదా మరి! మైలగాడు కాలు కింద మోపాడు. ఇంకో అడుగు వేశాడు. నొప్పి లేదు.

"పుల్లా! ముల్లేరా! ఉత్త ముల్లేరా పుల్లా!" అని సంతంతా అదిరేట్టు రంకె వేశాడు.

పుల్లడికి వినబడేంత దగ్గర్లో బండి లేదు. సుంకన్న పగ్గం గుంజి, కుంటు పోయిన ఎద్దును తెలియని ఊరి దారిన తోలుకుపోయాడు.

నీతి: నీ కాలు ఊరికే చూసేవాడికి నీ నొప్పి కనబడదు, తను అమ్ముకోగలిగిందే కనబడుతుంది.