జెండా లేని గూడు

కుళ్లాయమ్మ కాపాడిన గుడ్లే మాయమైపోతున్నాయి.

పెన్న ఇసుకలో తీతువు పిట్టలు గుడ్లు పెట్టే కాలం అది. ఏట్లో నీళ్లు తగ్గి అవతలి గట్టు కింద ఒక్క పాయ మిగిలింది. ఈ గట్టు నుంచి ఆ పాయ దాకా అంతా తెల్లటి ఇసుకే. తెల్లారేటప్పుడు చూస్తే ఇసుక ఎక్కడ ఆగిందో, ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియదు. ఎండెక్కితే లేని నీళ్లు కూడా ఉన్నట్టు తళతళలాడతాయి. అందులోకి దిగిన మనిషికి తన అడుగుల చప్పుడు తనకే వినపడదు. కలలో నడిచినట్టు ఉంటుంది.

తీతువు గూడంటూ కట్టదు. కాళ్లతో కాస్త ఇసుక గీరి, చుట్టూ నాలుగు గులకరాళ్లు చేర్చి, మధ్యలో గుడ్లు పెడుతుంది. గుడ్లు కూడా రాళ్లలాగే ఉంటాయి. అందుకే ఇసుక ట్రాక్టర్లు వాటి మీదుగా పోయేవి. తొక్కినవాడికి తొక్కానని కూడా తెలిసేది కాదు.

కుళ్లాయమ్మకు తెలిసింది. ఇంటర్ అయ్యీ కాకముందే పెళ్లయి, బిడ్డ తల్లయ్యాక మళ్లీ పుస్తకం పట్టుకున్న మనిషి ఆమె. మొగుడు నాపరాళ్ల ఫ్యాక్టరీలో పనికి పోతాడు. ఆమె టౌన్ కాలేజీలో డిగ్రీ ఆఖరి ఏడు చదువుతోంది, జీవశాస్త్రం. మనుషులు చేసే పనులకు ఏట్లో బతికే జీవాలు ఏమైపోతున్నాయో చూసి రాయమని మేడమ్ చెప్పింది. "గుడ్డు దగ్గర మొదలుపెట్టి, పిల్ల బయటికొచ్చి నడిచేదాకా చూడాలి కుళ్లాయమ్మా. సగం చూసి రాస్తే సగం మార్కులే," అని కూడా చెప్పింది.

మార్కులు సరే. కూతురు సుంకికి కూడా మాటిచ్చింది, తీతువు పిల్లలను చూపిస్తానని. సుంకికి ఇంకా మూడేళ్లు నిండలేదు. అమ్మ ఇచ్చిన మాట గురించి మాత్రం అన్నం తింటూ కూడా అడుగుతుంది.

కుళ్లాయమ్మ పాత ఎర్ర చీర చించింది. కంది కట్టెలకు ఒక్కో పీలిక కట్టి జెండాలు చేసింది. ఇసుకంతా తిరిగి, గూడు కనిపించిన ప్రతిచోటా ఒక జెండా పాతింది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పోయి, ప్రతి గూటి దగ్గరా వంగి, గుడ్లు భద్రంగా ఉన్నాయని చూసుకుని వచ్చేది. ట్రాక్టర్లు జెండాలను తప్పించుకుని పోసాగాయి. ఎండకు ఇసుక మెరుస్తుంటే, ఆ ఎర్ర పీలికలు గాలిలో ఆడుతుంటే, ఎక్కడినుంచో వచ్చిన కాకి ఒకటి జెండా కట్టె మీద వాలి ఈకలు దువ్వుకుంటుంటే, గట్టు మీద నుంచి చూసి ఆమెకు కడుపు నిండినట్టుండేది. ఏరంతా తన బిడ్డలే అన్నట్టుండేది.

తర్వాత ఒక్కొక్క గూడే ఖాళీ అవుతూ వచ్చింది. పొద్దున పోయి చూస్తే రాళ్లు రాళ్లుగానే ఉండేవి. మధ్యలో గుడ్లు ఉండేవి కావు. చివరికి ఒక్క గూడు మిగిలింది, పాయకు కాస్త ఇవతల.

ఆ పొద్దున ఆమె నేరుగా ట్రాక్టరుకు అడ్డం పోయి నిలబడింది. డ్రైవరు చిన్నోబులు బండి ఆపాడు.

"గుడ్లు ఏం చేసినార్రా?"

"ఏం గుడ్లక్కా?"

"తీతువు గుడ్లు. నా జెండాల కాడివి."

చిన్నోబులు నెత్తి గుడ్డ తీసి మొహం తుడుచుకున్నాడు. "నీ జెండాల పుణ్యాన ఏరంతా పాము మాదిరి మెలికలు తిరిగి పోతాండా. డీజిలు ఎక్కువైతాందని మా ఓనరు తిడతాండాడు. ఇంకా ఆ గుడ్లు తింటానా నేను? తీతువు కూస్తేనే మా అవ్వ చెవులు మూసుకుని మూడు తూర్లు ఉమ్ముతాది. దాని గుడ్డు ఇంటికి తీసకపోతే నన్నే ఉమ్మేస్తాది."

అబద్ధమాడే మొహం కాదు అది. ఆమెకు ఏడుపొచ్చింది. ఏడుపును కోపం చేసుకుని గట్టెక్కింది.

గట్టు మీద చిన్న దర్గా ఉంది. సున్నం కొట్టిన నాలుగు గోడలు, పచ్చ జెండా, ముందు వేపచెట్టు నీడ. దాన్ని చూసుకునేది దస్తగిరి తాత. ఆయన్ను గురువని ఊళ్లో ఎవరూ అనరు, కుళ్లాయమ్మ తప్ప. ఆమె చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఒకరోజు ఆ వేపచెట్టు కింద, కదలకుండా కూర్చున్న తాతను చూసి తానూ పక్కనే కదలకుండా కూర్చుంది. అలా ఎంతసేపు గడిచిందో తెలియదు. ఒక పిచ్చుక వచ్చి ఆమె పాదం మీద ఎక్కి, వేళ్ల మధ్య ఇరుక్కున్న గింజ ఏరుకుని పోయింది. ఆ పిచ్చుక బరువు ఆమెకు ఇప్పటికీ గుర్తుంది. ఆ రోజునుంచీ ఆయన ఆమె గురువు. నేర్పుతున్నట్టు ఒక్క మాటా ఆయన ఎప్పుడూ చెప్పలేదు.

ఏట్లోకి దిగినప్పుడల్లా సుంకిని ఆయన దగ్గరే వదిలిపోతుంది. ఇప్పుడు కూడా సుంకి ఆయన గడ్డం కింద కూర్చుని, నెమలి ఈకల కట్టతో ఆయన మోకాలును దులుపుతోంది.

"తాతా, తాయెత్తు కట్టు," అంది కుళ్లాయమ్మ వస్తూనే.

"ఎవురికి? పాపకు దిష్టి తగిలిందా?"

"పాపకు కాదు, జెండాకు."

తాత నవ్వాడు. పళ్లు లేని నవ్వు. "జెండాకు తాయెత్తా! రేపు ట్రాక్టరుకు పేరు పెట్టమని వస్తావు."

"నవ్వబాక తాతా. ఒక్క గూడే మిగిలుండాది. దాన్ని నేను పోగొట్టుకోలేను. ఎవురో దొంగ ఉండాడు. నేను కాపాడేది చూసి మరీ తీసకపోతాండాడు. ఇంకేం చెయ్యాల నేను? పొద్దున పోయి చూస్తి, మాపటికి పోయి చూస్తి. కన్నతల్లి కూడా ఇంత మాటిమాటికి చూసుకోదు."

తాత చొక్కా జేబులోంచి కలకండ ముక్క తీశాడు. దర్గాకు వచ్చిన పిల్లలకు ఇచ్చేది.

"సుంకీ, కళ్లు మూసుకో."

సుంకి రెండు చేతులతో కళ్లు మూసుకుంది. తాత కూర్చున్న చోటినుంచే ఆ ముక్కను గట్టు కింది ఇసుకలోకి విసిరాడు. అది పోయి పలుగురాళ్ల మధ్య పడింది. తెల్లటి రాళ్లలో తెల్లటి ముక్క. ఎక్కడ పడిందో కుళ్లాయమ్మ చూసింది.

"పో, వెతుక్కో."

సుంకి పరిగెత్తింది. ఒక రాయి తీసి నాలుకకు తాకించి ఉమ్మింది. ఇంకోటి తీసి ఉమ్మింది. ఆ ముక్క పక్కనుంచే రెండుసార్లు పోయింది. చివరికి మూతి ముడుచుకుని వచ్చి తాత ఒళ్లో కూలబడింది.

"తాతా, నేను గుడ్ల సంగతి అడుగుతాంటే..." అంది కుళ్లాయమ్మ.

"ఉండు కుళ్లాయమ్మా. ఎండకు చీమలు తిరుగుతాంటాయి. ఆ కలకండకు పట్టినాయేమో పోయి చూసిరా. తీయబాక. ఊరికే చూసిరా."

ఆమెకు విసుగొచ్చింది. అయినా గురువు మాట. ఇసుకలోకి దిగింది. తిన్నగా ఆ ముక్క దగ్గరికి పోయి, వంగి చూసింది. చీమలు లేవు. వెనక్కి తిరిగింది.

సుంకి అప్పటికే బయలుదేరింది. తలొంచుకుని, అమ్మ వేసిన ఒక్కో అడుగు గుంటలో తన చిన్న పాదం పెట్టుకుంటూ, గెంతుకుంటూ వచ్చింది. అడుగులు ఆగినచోట తానూ ఆగింది. కలకండ తీసి నోట్లో వేసుకుంది.

బుగ్గ ఉబ్బించి అమ్మ వైపు చూసి నవ్వింది.

కుళ్లాయమ్మ కదల్లేదు. తన అడుగులు చూసింది. గట్టు నుంచి రాళ్ల దాకా ఒకే వరస, ఎక్కడా వంకర లేదు. అటునుంచి ఆమె చూపు మెల్లగా ఏటి మీదికి పోయింది. దూరంగా, పాయకు ఇవతల, ఆ మిగిలిన ఒక్క గూటి జెండా. ఇంత పెద్ద ఇసుకలో నిలువుగా ఉన్నవి తన జెండాలే. ఆ గూటి జెండా కొన మీద కాకి కూర్చుని ఉంది. కిందికి చూస్తోంది.

వెనక్కి తిరిగి తాతను చూసింది. తాత నెమలి ఈకల కట్ట తీసుకుని గడప ఊడ్చుకుంటున్నాడు.

ఆమె సుంకిని చంకనెత్తుకుని ఇసుకలోకి నడిచింది. కేకేస్తే కాకి లేచి, కాస్త దూరంలో వాలింది.

ఆమె దగ్గరపడేసరికి తీతువు లేచింది. ఎర్రటి ముక్కు, పసుపు కాళ్లు. గుండె చీల్చేటట్టు అరుస్తూ ఆమె తల చుట్టూ తిరిగి, దూరంగా పోయి నేల మీద వాలింది. అక్కడ రెక్కలు దించి, రొమ్ము ఇసుకకు ఆనించి, గుడ్లు తన కిందే ఉన్నట్టు పొదువుకుని కూర్చుంది. అక్కడ ఏమీ లేదని కుళ్లాయమ్మకు తెలుసు. ఇన్నాళ్లూ ఆ నాటకం చూసి, ముచ్చటపడి నవ్వుకుని, నేరుగా గూటి దగ్గరికే పోయేది.

ఈసారి ఆమె జెండా పక్కగా నడిచింది. నడుస్తూనే చెయ్యి చాచి దాన్ని పీకింది. గుడ్లు తన కాలికి మూరెడు దూరంలో ఉన్నాయి. నిన్న ఒక గుడ్డు మీద మచ్చలు లెక్కపెట్టింది. ఇవాళ బీట వేసిందేమో. లోపల ముక్కు కదులుతోందేమో.

"అమ్మా, గుడ్లు!" అని సుంకి కిందికి వంగబోయింది.

"మబ్బు చూడు సుంకీ. పైన మబ్బు చూడు."

ఆమె కిందికి చూడలేదు. మెడ నరాలు లాగాయి. ఆగకుండా తీతువు కూర్చున్న వైపు నడిచింది. అది లేచి ఇంకా దూరం పోయి, ఇంకోచోట పొదువుకుని కూర్చుంది. ఆమె అక్కడికీ పోయింది. మళ్లీ లేచింది. మళ్లీ పోయింది. ఎండమావిలో పిట్ట ఒకసారి రెండుగా కనిపించింది, ఒకసారి కాళ్లు లేకుండా తేలింది. అది ఎటు పొమ్మంటే అటు పోయారు తల్లీబిడ్డలు. వెనక అడుగులు పడుతూ వచ్చాయి.

ఏటి మలుపు దగ్గర, ఉత్త ఇసుకలో, పిట్ట చూపించిన చివరిచోట కుళ్లాయమ్మ ఆగింది. అక్కడ వంగి, చాలాసేపు చూసింది. లేని గుడ్లను, రోజూ పొద్దున ఉన్నవాటిని చూసినంత శ్రద్ధగా చూసింది. జెండా అక్కడ పాతింది. ఖాళీ గూళ్ల జెండాలు కూడా పీక్కొచ్చి, ట్రాక్టర్లు ఏట్లోకి దిగే దారికి అడ్డంగా అక్కడే వరసగా పాతింది.

కాకి వచ్చి ఒక జెండా మీద వాలింది.

మరునాటినుంచి చిన్నోబులు ఆ జెండాలను చూసి గొణుక్కుంటూ, గూటికి దూరంగా, ఏటి పైభాగానికి బండి తిప్పుకున్నాడు. కుళ్లాయమ్మ ఇసుకలోకి దిగడం మానేసింది. సాయంత్రం గాలికి ఆమె పాత అడుగులు పూడిపోయాయి.

ఎండలు ముదిరాయి. ఆమె వేపచెట్టు కింద సుంకిని ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. మిట్టమధ్యాహ్నం పాయ దగ్గరికి తీతువు వచ్చేది. నీళ్లలో దిగి, రొమ్ము ఈకలు బాగా తడుపుకునేది. ఆ తడి ఆరకముందే గూటికి చేర్చాలన్నట్టు గబగబా ఇసుకలోకి నడిచి, తళతళలాడే ఎండలో కలిసిపోయేది. ఎటు పోయిందో కుళ్లాయమ్మ చూసేది కాదు. నీళ్ల చెంబులో కొంగు తడిపి సుంకి నుదురు తుడిచేది.

"పిల్లలేవమ్మా?" అనేది సుంకి.

"వాళ్లమ్మ కాడ ఉండాయి."

"నాకు చూపియ్యవా?"

"వాళ్లమ్మ చూపించినప్పుడు చూద్దాం."

ఒక పొద్దున తాత వచ్చి పక్కన కూర్చున్నాడు.

"కాలేజీలో రాసి ఇచ్చేసినావా పాపా?"

"ఇచ్చినా తాతా. చూసినంతే రాసినా. సగం మార్కులే వేసింది మేడమ్."

తాత తలూపాడు. దర్గా గోడ మీద కాకి ఒకటి వాలి, ముక్కు అటూ ఇటూ రాసుకుంటోంది.

"ఆ గుడ్లు యాడుండాయి పాపా?" అన్నాడు తాత.

కుళ్లాయమ్మ గోడ మీది కాకిని చూసింది. తాతను చూసింది. చెయ్యెత్తి, మలుపు దగ్గర ఎర్రగా ఆడుతున్న జెండాలను చూపించింది.

"అదిగో, ఆడ."

ఒళ్లో ఉన్న సుంకి కూడా చెయ్యెత్తి అటే చూపించింది. "ఆడ."

కాకి లేచి జెండాల వైపు ఎగిరిపోయింది.

తాత కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని, వాళ్లు చూపించిన వైపే చాలాసేపు చూశాడు. జేబులోంచి కలకండ ముక్క తీసి కుళ్లాయమ్మ అరచేతిలో పెట్టాడు.

"బాగుండాయి గుడ్లు," అన్నాడు.