మడుగు మాట తప్పిన కచానా

ఘనా దేశానికి ఉత్తరాన, సహారా నుంచి దుమ్ముగాలి వీచే మైదానంలో ఒక ఊరుంది. మట్టిగోడల గుండ్రటి ఇళ్లు, గోడల నిండా ఆడవాళ్లు ఎరుపూ నలుపూ తెలుపూ కలిపి వేసిన బొమ్మలు. ఆ గోడల్ని చూసి ముచ్చటపడినా, టూరిస్టులు అసలు వచ్చేది ఊరి పక్క మడుగులో మొసళ్ల కోసం. ఊరివాళ్లు మొసలి మాంసం ముట్టరు, మొసళ్లు మనిషిని ముట్టవు. తాతల నాడు ఒకరికొకరు ఇచ్చుకున్న మాట అది. గైడు ఈల వేస్తే కచానా అనే పెద్ద ఆడ మొసలి ఒడ్డుకొచ్చి పడుకునేది. టూరిస్టు దాని తోక పట్టుకుని ఫోటో దిగేవాడు. అందుకు కచానాకు ఒక గిన్నీకోడి దక్కేది.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. మడుగు బురదైంది, టూరిస్టులు తగ్గారు, కచానా ఒంట్లో తోలు తప్ప ఏమీ మిగల్లేదు. అప్పుడొచ్చింది దుమ్ములగొండి. క్షేమం అడిగింది, కన్నీళ్లు కూడా పెట్టుకుంది. దాని కన్నంతా కచానా ఒంటి మీదే. ఊరివాళ్లు మొసలిని తినరు కదా, అది చస్తే బయట పారేస్తారని దాని లెక్క.

"అక్కా, నువ్వు మాటిచ్చింది ఎవరికి? ఈ ఊరివాళ్లకి. ఆ కెమెరావాడు ఈ ఊరివాడా?"

ఇన్నేళ్లలో కచానాకు ఆ ఆలోచన రాలేదు. "కాదు తమ్ముడూ," అంది నెమ్మదిగా.

"మరి వాడికి నువ్వేం మాటిచ్చావని?"

ఆ రోజు టూరిస్టు కోసం తెచ్చిన గిన్నీకోడి పక్కనే గుంజకు కట్టేసి ఉంది. అంతా విన్నది. దుమ్ములగొండి వెళ్లాక గొంతు సవరించుకుంది.

"పెద్దమ్మా, నువ్వు వాడి చెయ్యి పట్టుకుంటే ఇవాళ్టికి నేను బతుకుతాను. అయినా చెప్తున్నా, వద్దు."

నోట్లోకి రావాల్సినది నీతులు చెప్పడమేమిటని కచానా కసిరింది. గైడు ఈల వేశాడు. టూరిస్టు వంగి ముందుకాలు తడిమాడు. కచానా ఆ చెయ్యి కొరికేసింది.

సాయంత్రానికి బయటివాళ్లు తుపాకులతో దిగారు. అవూని అనే ఊరి పెద్దాయన మొసలికి అడ్డంగా నిలబడి, ఈమె మా మనిషి, మాకు వదిలేయండి అని బతిమాలాడు. ఆయన్ను పక్కకి లాగేసి కచానాను కాల్చారు.

గడ్డిలో దుమ్ములగొండి లొట్టలు వేసింది. కానీ ఊరివాళ్లు కచానాను కడిగారు, తెల్లగుడ్డ చుట్టారు, లోతుగా గొయ్యి తవ్వి పాతిపెట్టారు, పైన బండలు పేర్చారు. మాట తప్పినదానికి ఇంత మర్యాద ఎందుకని ఎవరో గొణిగారు.

"తప్పింది ఆమె. మనం కాదు," అన్నాడు అవూని.

కర్మకు కోడి కావాలి కాబట్టి ఆ గిన్నీకోడినే కోశారు. ఈ కథలో నాకు జాలి దాని మీదే.

జనం ఇళ్లకు వెళ్లగానే దుమ్ములగొండి బండల్ని గోకడం మొదలుపెట్టింది. గోళ్లు ఊడాయి గానీ ఒక్క రాయీ కదల్లేదు. సమాధి కాపలాకు వదిలిన కుక్కలు చుట్టుముట్టాయి. పస్తులున్న కాళ్లు దాన్ని ఎంతో దూరం మోయలేకపోయాయి.

ఇచ్చిన మాటలో సందు చూపించేవాడి కడుపు ఎంత ఖాళీగా ఉందో ముందు చూసుకోవాలి.